ఇంటి పద్దు: పిండికొద్దీ రొట్టె, నూలుకొద్దీ స్వెటర్



ఈసారి మన శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో రెండు ఒకే సంగతి అడిగాయి. ఒకటి ఢిల్లీలో ఉంటున్న ఒక సోదరిది. రెండోది, చలికాలంలో అమెరికాలో కొడుకు దగ్గర నాలుగు నెలలు ఉండి రావాలనుకుంటున్న ఒక పెద్దాయనది. కాష్మియర్ స్వెటర్ తేలికగా, మెత్తగా ఉంటుందనీ, వెచ్చదనంలో దానికి సాటి లేదనీ విన్నారట. మనబోటి సంసారులకు అందే ధరలో మంచిది దొరుకుతుందా, దొరికితే అది అసలుదేనని ఎలా తెలుసుకోవాలి అని ఇద్దరి ప్రశ్న.

గైబీ నగర్‌లో కూర్చున్న మనిషిని అడగవలసిన ప్రశ్నేనా ఇది అని మొదట నవ్వొచ్చింది. మా భివండీలో డిసెంబరు తెల్లవారుజామున కూడా ఒక దుప్పటి చాలు. సాంచాల వేడికి కార్ఖానాల్లో పనివాళ్లు బనియన్లతోనే నిలబడతారు. ఇక్కడ నేసేది కోరా గుడ్డ. ఉన్ని దారం మా వీధిలో కంటికి కనబడదు. కానీ కాస్త ఆలోచిస్తే ప్రశ్న సరైన చోటికే వచ్చిందనిపించింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్, ముంబయి, భివండీ చేరిన పద్మశాలీ కుటుంబాల్లో మాదీ ఒకటి. తాకా విప్పి వెలుతురుకు పట్టుకుని, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ పేక పల్చబడిందో చూడటం చిన్నప్పటి నుంచీ అలవాటు. స్వెటర్ నేతది కాదు, అల్లికది. అయినా నార, దారం, అల్లిక అన్న మూడూ తెలిస్తే ఏ గుడ్డనైనా పట్టి చూడవచ్చు.

ముందు నార సంగతి చెబుతాను. కాష్మియర్ అన్న పేరు కాశ్మీర్ నుంచే వచ్చింది. కాశ్మీరు శాలువాలు ఐరోపాకు వెళ్లి మోజు పుట్టించాక అక్కడివాళ్లు ఆ నారను ఊరి పేరుతోనే పిలిచారు. అయితే ఆ నార కాశ్మీరు లోయలో పుట్టేది కాదు. లడఖ్‌లోని చాంగ్‌తాంగ్‌లో, సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన, గడ్డకట్టే చలిలో పెరిగే మేకలది. వాటి ఒంటిమీద ముతక వెంట్రుకల కింద చలికాలంలో మెత్తని నూగు మొలుస్తుంది. చలి తగ్గగానే అది ఊడటం మొదలవుతుంది. అప్పుడు చాంగ్‌పా పశుపాలకులు దువ్వెనలతో దువ్వి తీస్తారు. దాన్నే మనం పష్మీనా అంటున్నాం. చైనాలో, మంగోలియాలో కూడా ఇలాంటి మేకల మందలున్నాయి. ప్రపంచంలో అమ్ముడుపోయే కాష్మియర్‌లో అత్యధిక భాగం ఆ రెండు దేశాలదే.

ఈ నార ఎంత సన్ననిదంటే, మనిషి వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు అనుకుంటే, లడఖ్ పష్మీనా మందం 12 నుంచి 15 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సగటు మందం 19 మైక్రాన్లు దాటితే కాష్మియర్ అని చీటీ అంటించకూడదని అమెరికా చట్టం. మన కురుమలు గొంగళ్లు నేసే దక్కనీ గొర్రె ఉన్ని దీనికి రెండింతలు ముతక. అందుకే గొంగడి వానకూ చలికీ ఆగుతుంది గానీ ఒంటికి గుచ్చుతుంది. సన్ననార స్వెటర్ గుచ్చదు. దాని సందుల్లో గాలి ఎక్కువగా నిలుస్తుంది. చలిని ఆపేది ఆ గాలే. బరువు తక్కువైనా వెచ్చగా ఉండే కిటుకు అంతే.

ఇక ధర. మా మగ్గాల ఊళ్లో గుడ్డ ధర ఎవరైనా చెబితే వెంటనే వెనక్కి లెక్క వేస్తారు. నూలు ఎంత, బరువు ఎంత, కూలి ఎంత, కరెంటు ఎంత అని. పిండికొద్దీ రొట్టె కదా. స్వెటరుకూ అదే లెక్క వేసి చూడండి. ఒక మేక ఏడాదికి ఇచ్చే నూగులో ముతక వెంట్రుకలు, దుమ్ము తీసేస్తే మిగిలేది గుప్పెడు. ఒక స్వెటర్‌కు మూడు నాలుగు మేకల నూగు కావాలి. ఇలా శుభ్రం చేసిన నార ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచ బజారులో కిలో సుమారు 100 డాలర్ల పైమాటగానే పలుకుతోంది. పెద్దవాళ్ల స్వెటర్ 250 నుంచి 300 గ్రాములు తూగుతుంది. అంటే నార ఖర్చే 25, 30 డాలర్లు. మన రూపాయల్లో రెండు వేల పైచిలుకు. దాన్ని వడకాలి, రంగు వేయాలి, అల్లాలి, కుట్టాలి, ఓడ ఎక్కించాలి, దుకాణం అద్దె కట్టాలి. మరి 1,500 రూపాయలకు కొత్త కాష్మియర్ స్వెటర్ అని ఎవరైనా అంటే, అది నూలు ధరకే నప్పని లెక్క. దాన్ని ముట్టుకుని చూడాల్సిన పని కూడా లేదు.

అయితే కొన్ని పెద్ద కంపెనీలు విదేశాల్లో 50 డాలర్లకు కూడా కొత్త కాష్మియర్ స్వెటర్లు అమ్ముతున్నాయి. అవన్నీ అబద్ధమని నేను అనను. కానీ ఆ ధరకు తేవాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించాలి. బరువు తగ్గించాలి, లేదా అల్లిక పల్చన చేయాలి, లేదా పొట్టి నార కలపాలి, లేదా ఎవరి కూలో తగ్గించాలి. ఏది తగ్గిందో చూసుకోవడం కొనేవాళ్ల వంతు.

కూలి మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. మీటరుకింత అని కూలి తీసుకునే ఇళ్లలో పుట్టినవాళ్లం. గుడ్డ చవకైతే ఆ నష్టం చివరికి ఎవరి కంచం దగ్గర ఆగుతుందో మనకు తెలుసు. కాశ్మీరులో 1865 ఏప్రిల్ 29న శాలువా నేతగాళ్లు పన్నుల బరువు మోయలేక శ్రీనగర్‌లో ఊరేగింపు తీస్తే సైనికులు విరుచుకుపడ్డారు. నీళ్లలో పడి 28 మంది చనిపోయారని చరిత్ర చెబుతోంది. ఆ రోజుల్లో ఐరోపా దొరసానుల భుజాల మీద అవే శాలువాలు. మంగోలియాలో 2023–24 చలికాలపు మంచుకు 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. మందలే ఆస్తిగా బతికే కాపరుల ఇళ్లు గుల్లయ్యాయి. అందుకని కాష్మియర్ ఇంకా చవకగా దొరకాలని నేను కోరుకోను. మన చేతిలో ఉన్న కొద్ది డబ్బుకు మంచిది ఎలా వస్తుందన్నదే నా లెక్క.

మోసాల సంగతికి వద్దాం. మన ఇళ్లలో చాలామందికి కాష్మిలాన్ గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ఆడవాళ్లు ఉండలు ఉండలుగా కొని పిల్లలకు స్వెటర్లు అల్లేవారు. అది జపాన్ కంపెనీ ఒకటి తన యాక్రిలిక్ నారకు పెట్టుకున్న పేరు. కాష్మియర్‌కు దానికి పేరులో పోలికే తప్ప చుట్టరికం లేదు. ఇప్పుడు ‘కాష్మియర్ ఫీల్’, ‘కాష్మియర్ టచ్’ అని రాసి అమ్ముతున్నారు. ఫీల్ అని ఉంటే నార లేదనే అర్థం. పష్మీనా పేరుతో వీధుల్లో అమ్మే స్కార్ఫులు చాలావరకు విస్కోస్‌వి. ఉంగరంలోంచి దూర్చి చూపిస్తే నమ్మకండి. పల్చని విస్కోస్ కూడా ఉంగరంలోంచి జారిపోతుంది.

నిప్పు పరీక్ష కొంతవరకు నమ్మదగ్గది. లోపలి అతుకు దగ్గర ఒక్క పోగు తీసి, దుకాణం బయట, చిమటాతో పట్టుకుని కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే అది జంతువు నార. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే యాక్రిలిక్ లేదా పాలియెస్టర్. కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్ లేదా నూలు. అయితే గొర్రె ఉన్నికీ మేక నూగుకీ తేడా నిప్పు చెప్పలేదు. అది సూక్ష్మదర్శినితోనే తేలుతుంది. శాలువాల విషయంలో అయితే కాశ్మీర్ పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శ్రీనగర్‌లో పరీక్షించి ముద్ర వేసి ఇస్తారు. చేత్తో వడికి చేత్తో నేసినదానికే ఆ ముద్ర. స్వెటర్లకు అటువంటి ముద్ర లేదు. మన కళ్లూ, వేళ్లూ, లెక్కా తోడు తెచ్చుకోవాలి.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా చెల్లెలి కూతురు 2023లో చదువుకని కెనడాలోని విన్నిపెగ్ వెళ్లింది. జనవరిలో అక్కడ సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి. వాళ్ల నాన్న పన్నెండు గంటల పాళీలో సాంచాలు నడుపుతాడు. ఫీజుకు అప్పు, టికెట్టుకు అప్పు. ఉన్ని బట్టలకని చిట్టీ ఎత్తి మా చెల్లెలు నా చేతిలో పెట్టింది 6,000 రూపాయలు. ముంబయిలో ఒక ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. ఒకచోట ప్యూర్ కాష్మియర్ అని చీటీ ఉన్న స్వెటర్లు, ఒక్కోటి 1,500. మూడు కొంటే స్కార్ఫ్ ఉచితం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటే ఇదే. పిల్ల మీగడ రంగుది ఒకటి బుగ్గకు ఆనించుకుని, “పెద్దమ్మా, ఎంత మెత్తగున్నదో చూడు, తీసుకుందాం” అంది. పోగు ఒకటి అడిగి తీసుకుని బయటికొచ్చి కాల్చాం. పూసలా కరిగింది.

పిల్ల మొహం చిన్నబోయింది. “బిడ్డా, ఈ మెత్తదనం నాలుగు ఉతుకుల్ల పోతది. అక్కడి చలి ఆర్నెల్లు పోదు” అన్నాను. ఆ 6,000లో 4,200 పెట్టి లూధియానా సరుకు కొన్నాం. ఉన్ని కలిసిన లోదుస్తులు రెండు జతలు, ఒక మామూలు గొర్రె ఉన్ని స్వెటర్. మిగిలిన 1,800 డాలర్లు చేసి దాచుకోమన్నాను. సుమారు 30 కెనడా డాలర్లు వచ్చాయి.

అక్టోబరులో ఒక రాత్రి వీడియో ఫోన్ చేసింది. వాడిన బట్టలు అమ్మే దుకాణంలో ఉంది. అలాంటివి ఆ దేశాల్లో ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. కెనడాలో వాల్యూ విలేజ్, అమెరికాలో గుడ్‌విల్, ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ దుకాణాలు మీరూ చూసే ఉంటారు. మగవాళ్ల వరసలో ముదురు నీలం స్వెటర్ ఒకటి, 14 డాలర్లు. చీటీ మీద నూటికి నూరు కాష్మియర్, రెండు పోగులది, స్కాట్లాండులో చేసింది. “వెలుతురుకు పట్టు” అన్నాను. అల్లిక సందుల్లేకుండా నిండుగా ఉంది. “మణికట్టు దగ్గర సాగదీసి వదులు.” వెంటనే దగ్గరకొచ్చింది. మోచేతి దగ్గర మిరియమంత చిమ్మెట రంధ్రం. “తీసుకో, అది నేను చెబుతా” అన్నాను. లోపలి అతుకులోంచే దారం లాగి, వీడియోలో చూపిస్తుంటే అక్కడ కూర్చుని రఫూ చేసింది. మా వీధిలో రఫూ చేసే చాచా దగ్గర నేర్చుకున్న విద్య నాది. ఇప్పుడు దానిదైంది.

సంగతి తెలిసి మా చెల్లెలు బాధపడింది. “ఎవరో ఇడిచిన బట్ట నా బిడ్డ తొడుక్కునుడా అక్కా? గంత కష్టపడి పంపింది గిందుకేనా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాటకు నేను వెంటనే బదులు చెప్పలేదు. పేదరికం కనబడకూడదని కష్టపడే ఇళ్లలో ఆ మాట ఎంత లోతు నుంచి వస్తుందో నాకు తెలుసు. బదులు పిల్లే చెప్పింది. “అమ్మా, మా ప్రొఫెసరమ్మ గూడ గా దుకాణంలనే కొంటది. ఉతుక్కొని ఏసుకుంటున్న. ఒక్కనాడు చలి పెట్టలే.” చలి పెట్టలేదన్న ఆ ఒక్క ముక్కకు తల్లి ఊరుకుంది. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నట్టు, మంచి నారది పాతదైనా దాని విలువ దానికుంటుంది.

ఇక, కొనేటప్పుడు వరసగా చూడవలసినవి.

చీటీ మీద శాతం చదవండి. పది శాతం కాష్మియర్, మిగతా ఉన్ని అని నిజాయతీగా రాసింది, పెద్ద అక్షరాల్లో కాష్మియర్ అని రాసి శాతం దాచిన దానికంటే మేలు. వెలుతురుకు పట్టి అల్లిక చూడండి. మరీ కనబడేటట్టుంటే పల్చన. అంచు సాగదీసి వదలండి. తిరిగి దగ్గరకు రాకపోతే అది నాలుగు నాళ్లకే సంచిలా వేలాడుతుంది. బొటనవేలితో పొట్ట దగ్గర కాసేపు రుద్దండి. వెంటనే ఉండలు లేస్తే పొట్టి నార. కొత్తది మరీ దూదిలా మెత్తగా, పైన నూగు లేచి ఉంటే జాగ్రత్త. అమ్మకానికని ఎక్కువగా ఉతికి నూగు లేపి ఉండవచ్చు. మంచిది మొదట కాస్త బిగువుగా ఉండి, వాడేకొద్దీ మెత్తబడుతుంది. చంక దగ్గర అతుకు చూడండి. కత్తిరించి కుట్టినదానికంటే, అల్లికలోనే ఆకారం తెచ్చినది ఎక్కువకాలం నిలుస్తుంది. అలా తెచ్చిన చోట కుట్లు తగ్గించిన గుర్తులు చిన్నగా వరసగా కనబడతాయి. వాడినదైతే మోచేతులు, చంకలు, మెడ చూడండి. బిర్రుగా, అట్టలా ఉంటే మిషన్లో వేడినీళ్లతో ఉతికి పాడుచేశారని అర్థం. దాన్ని వదిలేయండి, బాగుపడదు. చిన్న రంధ్రాలకు భయపడకండి, వాటిని చూపించే బేరం ఆడండి.

కొత్తదే కావాలంటే పండుగ ముందు కొనకండి. జనవరి చివర, ఫిబ్రవరిలో చలి సరుకు దించేస్తారు. తెలుపు, నలుపు వంటి రంగులు ఏటా పనికొస్తాయి. మన దేశంలో ఉండేవాళ్లకు ఏటా చలికాలంలో రోడ్డు పక్కన వెలిసే టిబెట్ వాళ్ల దుకాణాలున్నాయి. వాళ్ల సరుకు ఎక్కువగా లూధియానాదే. అక్కడ కాష్మియర్ వెతకడం వృథా. గొర్రె ఉన్ని కలిసినవి మాత్రం ఓపికగా ఏరితే దొరుకుతాయి. సన్నని మెరీనో ఉన్ని స్వెటర్ మీద 1964 నుంచి వాడుకలో ఉన్న ఊల్‌మార్క్ గుర్తు ఉంటే నిశ్చింతగా తీసుకోండి. లావుపాటి స్వెటర్ ఒకటి వేసుకోవడం కంటే సన్నవి రెండు ఒకదానిమీద ఒకటి వేసుకుంటే చలికి బాగా ఆగుతుంది.

కొన్న తర్వాత కాపాడుకోవడమే అసలు పొదుపు. సబ్బు పొడుల్లో మరకలు తినే ఎంజైములు ఉంటాయి. అవి ఉన్నినీ తింటాయి. మన కుంకుడుకాయ రసం ఉంది కదా, పట్టుకీ ఉన్నికీ అంతకంటే మంచిది లేదు. కుంకుళ్లు దొరకని దేశాల్లో పసిపిల్లల షాంపూ వాడండి. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ముంచి, చేత్తో మెల్లగా నొక్కండి. పిండవద్దు. టవల్లో చుట్టి తడి తీసి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేస్తే సాగిపోతుంది. హ్యాంగర్‌కూ తగిలించవద్దు, మడిచి పెట్టండి. వేసుకున్న ప్రతిసారీ ఉతకనక్కరలేదు, గాలికి ఆరవేస్తే చాలు. ఉండలు లేస్తే సన్న దువ్వెనతో దువ్వండి, వేళ్లతో పీకవద్దు. చలికాలం పోగానే ఉతికి, బాగా ఆరిన తర్వాతే మూసిన సంచిలో పెట్టండి. చిమ్మెటలకు చెమట, తిండి మరకలు ఉన్న బట్టే ఇష్టం. వాడినది కొని తెచ్చినప్పుడు, ఇంట్లో మిగతా బట్టల్లో కలపకముందే ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి, వారం పాటు ఫ్రీజర్లో పెట్టండి. పురుగు, గుడ్లు చస్తాయి.

ఉత్తరం రాసిన ఇద్దరికీ నా సలహా ఇది. ఢిల్లీ సోదరి కాష్మియర్ ఆశ పక్కనబెట్టి, ఫిబ్రవరిలో ఒక మంచి మెరీనో స్వెటర్ కొనుక్కుంటే ఢిల్లీ చలికి ధారాళంగా సరిపోతుంది. పెద్దాయన ఇక్కడ డబ్బు పోయకుండా, లోదుస్తులూ ఒక ఉన్ని స్వెటరూ పట్టుకుని విమానం ఎక్కి, అక్కడ కొడుకును వాడిన బట్టల దుకాణానికి తీసుకెళ్లమనాలి. కొడుకు మొహమాటపడితే ఈ పేజీ చూపించండి.

మీ ఊళ్లో ఉన్ని బట్టలు రఫూ చేసేవాళ్లుంటే, వాళ్ల పని తీరు ఎలా ఉంటుందో రాయండి. వచ్చే సంచికలో పట్టుచీరల రఫూ గురించి చెప్పుకుందాం. ఆ లోపల మీ పెట్టెల్లో ఉన్న ఉన్ని బట్టలు ఒకసారి తీసి ఎండ చూపించండి.